అడగండి – చెబుతాం: రెక్కల పాముకి కాళ్లెన్ని?

ప్రశ్న: బోర్డులు రాస్తుంటాను. లండన్‌లో ఉంటున్న మా ఊరాయన తన కొత్తింటి గేటుకి డాలు మీద రెక్కల పాము వేయమన్నారు. నాలుగు కాళ్లతో వేశాను. ‘ఇది డ్రాగన్, నేనడిగింది వైవర్న్’ అంటున్నారు. తేడా ఏమిటండీ? రంగులేం వేయాలి? – పాలకొల్లు పాఠకుడు

జవాబు: ఆయన మాట నిజమే. నాలుగు కాళ్లుంటే డ్రాగన్, రెండే ఉంటే వైవర్న్. అసలు కాళ్లే లేని రెక్కల పాముని ఆంఫిప్టీర్ అంటారు. డాలు మీద వంశ చిహ్నాలు వేసే శాస్త్రంలో (హెరాల్డ్రీ) ఈ పట్టింపు బ్రిటన్‌లోనే ఎక్కువ, అదీ 16వ శతాబ్దం నుంచి గట్టిపడింది. అంతకుముందు రెండు కాళ్లదాన్నీ డ్రాగనే అనేవారు. వైవర్న్ పేరుకి మూలం లాటిన్‌లో ‘వైపెరా’. మన చేలల్లో తిరిగే రక్తపింజరిదీ ఆ వైపర్ కుటుంబమే.

వెనక కాళ్లు చెరిపేసి ఊరుకోకండి, బొమ్మ వెనక్కి కూలబడినట్టుంటుంది. ముందు కాళ్లని కాస్త వెనక్కి, రొమ్ము కిందికి జరిపి గద్ద గోళ్లు పెట్టండి. పొట్ట దగ్గర్నుంచి ఒళ్లు పాములా సన్నబడి, తోక ఒక చుట్టు చుట్టుకుని నేలకి ఆనాలి. బరువంతా మోసేది ఆ చుట్టే. తోక కొసన బల్లెం మొన. రెక్కలకి ఈకలు వద్దు. గబ్బిలం రెక్కలా గొడుగు కమ్ముల్లాంటి ఈనెలు వేసి, వాటి మధ్య అంచుని లోపలికి వంచండి. ముఖం చూసేవాళ్ల ఎడమవైపుకి ఉండాలి, అంటే డాలు పట్టుకున్నవాడి కుడివైపుకి.

చిహ్నం వర్ణనలో ‘సహజ రంగు’ అని ఉంటే ఒళ్లు ఆకుపచ్చ. రొమ్ము, పొట్ట, రెక్కల లోపలి వైపు ఎరుపు. డాలు పసుపో తెలుపో చేయండి. హెరాల్డ్రీలో పసుపు బంగారం, తెలుపు వెండి, ఈ రెండూ లోహాలు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు, ఊదా – ఇవి రంగులు. రంగు మీద రంగు, లోహం మీద లోహం వేయరు. నీలం మీద ఆకుపచ్చ పాముని వేస్తే రోడ్డు మీంచి చూసేవాళ్లకి ఆనదు.

ప్రశ్న: పాముకి రెక్కలెక్కడివి? – రాజోలు విద్యార్థిని

జవాబు: చాలా పాత మాటమ్మా. క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దంలోనే గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు: వసంతంలో అరేబియా నుంచి రెక్కల పాములు ఈజిప్టు వైపు ఎగిరొస్తాయట, ఐబిస్ కొంగలు వాటిని దారిలోనే చంపేస్తాయట. రూపం నీటిపాములా, రెక్కలు గబ్బిలంలా ఉంటాయన్నాడు. అంటే మన కాలవల్లోని నీరుకట్టెకి గబ్బిలం రెక్కలు అతికించినట్టు!

ప్రశ్న: టేకు తలుపు మీద ఇలాంటి డాలే చెక్కాలి, రంగు వేయం. ఎరుపని ఎలా తెలుస్తుంది? – అమలాపురం వడ్రంగి

జవాబు: గీతలతో. 1638లో పెట్రా సాంక్టా అనే క్రైస్తవ మతగురువు పుస్తకంలో అచ్చయిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. నిలువు గీతలు ఎరుపు, అడ్డగీతలు నీలం, చుక్కలు బంగారం, ఖాళీగా వదిలితే వెండి. నిలువూ అడ్డమూ కలిస్తే నలుపు. ఆకుపచ్చకి, మీరు చూస్తుండగా ఎడమ పైమూల నుంచి కుడి కిందికి ఏటవాలుగా గీయండి. పలక నిలువుగా ఉంటే నిలువు గీతలు నార వెంట సులువుగా వస్తాయి. అడ్డగీతలు నారని కోస్తాయి గనక అంచులు పెచ్చులూడతాయి. ముందు కత్తిమొనతో గాటు పెట్టి, ఆ తర్వాతే ఉలి దించండి.