ఓటు లేని అధ్యక్షుడికి అంత పట్టు ఎక్కడిది?

ప్రశ్న: 2024 బాకు వాతావరణ సదస్సులో మన దేశం కాదన్నా, 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్ల నిధి తీర్మానం నెగ్గింది. ఏకాభిప్రాయమంటే అందరూ ఒప్పుకోవాలి కదా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అక్కర్లేదు. ఆ సదస్సుల్లో ఓటింగ్‌పై 42వ నియమం దగ్గర 1995 నుంచీ దేశాలకు రాజీ కుదరలేదు. అందుకే ఓటు ఉండదు. తీర్మానం నెగ్గిందని అధ్యక్షుడు బల్లమీద సుత్తి కొట్టే క్షణానికి సభలో అభ్యంతరం వినిపించకపోతే ఏకాభిప్రాయం కుదిరినట్టే. మైకు ఎవరికి, ఎప్పుడివ్వాలో తేల్చేది అధ్యక్షుడే. బాకులో ముందే మాట్లాడతామని అడిగినా సదస్సు అధ్యక్షుడు ముఖ్తార్ బాబాయెవ్ సుత్తి కొట్టాకే అవకాశమిచ్చారని మన ప్రతినిధి చాందినీ రైనా సభలోనే తప్పుపట్టారు. ఆ అభ్యంతరం రికార్డుకెక్కింది, తీర్మానం మాత్రం కదల్లేదు. అందుకే ఆరితేరినవాళ్లు దేశం పేరు పలకను నిలబెట్టి వంతుకోసం చూస్తూ కూర్చోరు, పాయింట్ ఆఫ్ ఆర్డర్ (సభా నియమం తప్పిందన్న అభ్యంతరం) లేవనెత్తుతారు. దానిపై అధ్యక్షుడు అప్పటికప్పుడే రూలింగ్ ఇవ్వాలి.

అయితే అధ్యక్షుడు దూకుడుగా సుత్తి కొడితే దానికి వడ్డీ కట్టాల్సి వస్తుంది. 2012 దోహా వాతావరణ సదస్సులో అధ్యక్షుడు అల్ అతియా రష్యా అభ్యంతరాన్ని పట్టించుకోకుండా సుత్తి కొట్టారు. మరుసటి జూన్‌లో బాన్ వాతావరణ చర్చల్లో రష్యా, బెలారస్, ఉక్రెయిన్ కలిసి అమలు వ్యవహారాల సంఘం ఎజెండానే అడ్డుకున్నాయి. ఆ సంఘం రెండు వారాల సమావేశం అలాగే కొట్టుకుపోయింది.

ప్రశ్న: తొంభైల్లో రైతు సంఘాలన్నీ డంకెల్ ముసాయిదా మీద మండిపడ్డాయి. ఆయన దేశాధినేత కాడుగా, అంత ప్రభావం ఎలా వచ్చింది?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: కలం ఆయన చేతిలో ఉండటం వల్ల. బేరసారాల ముసాయిదాలో తేలని మాటల్ని చదరపు బ్రాకెట్లలో ఉంచుతారు. 1990 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య ఒప్పందం (గాట్) కోసం జరిగిన బ్రస్సెల్స్ సమావేశం వ్యవసాయ సబ్సిడీల దగ్గర బెడిసికొట్టింది. ఏడాది తర్వాత, 1991 డిసెంబరు 20న, గాట్ డైరెక్టర్ జనరల్ ఆర్థర్ డంకెల్ ఒప్పుకున్నవి ఉన్నట్టే ఉంచి, తేలనిచోట తానూ, ఆయా చర్చా సంఘాల అధ్యక్షులూ మధ్యేమార్గం రాసి, బ్రాకెట్లు తీసేసిన పూర్తి పాఠం బల్లమీద పెట్టారు. దాంతో భారం తిరగబడింది. అంతకుముందు ఏదైనా కావాలన్న దేశం మిగతావాళ్లను ఒప్పించాల్సి వచ్చేది. ఆ తర్వాత వద్దన్న దేశం మొత్తం కట్టను విప్పించాల్సి వచ్చింది. అది పెద్దవాళ్లకే సాధ్యం: 1992 నవంబరులో అమెరికా, ఐరోపా కూటమి వాషింగ్టన్‌లోని బ్లెయిర్ హౌస్ అతిథి గృహంలో కూర్చుని వ్యవసాయ భాగాన్ని మార్పించుకున్నాయి.

ఇదే ఎత్తు కోపెన్‌హాగెన్ వాతావరణ సదస్సులో (2009) చిత్తయింది. ఆతిథ్య డెన్మార్క్ కొద్దిమందితో రాసుకున్న ముసాయిదా సదస్సు రెండోరోజే బయటికి పొక్కింది. వర్ధమాన దేశాలకు అధ్యక్ష స్థానం మీదే నమ్మకం పోయింది. చివరి ఒప్పందాన్ని సభ ఆమోదించలేదు, ‘గమనించింది’ అంతే. అందరి వాదనా విన్నాక రాస్తే మధ్యవర్తిత్వం, వినకముందే రాస్తే కుట్ర. రెండు పాఠాల్లో మాటలు ఒకటే అయినా సరే.

ప్రశ్న: అధ్యక్ష దేశం తన లాభం చూసుకోదా?
– ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: చూసుకుంటుంది, కాకపోతే బాహాటంగా కాదు. 2023లో జీ-20 అధ్యక్ష స్థానం మనదే, ఉక్రెయిన్ యుద్ధంపై పేరాలు రాసే బాధ్యత మన షెర్పా (దేశాధినేత తరఫున బేరసారాలు నడిపే ప్రతినిధి) బృందానిది. అంతకుముందు ఏడాది బాలీ జీ-20 ప్రకటనలో ఉన్న, రష్యాను పేరుపెట్టి ఖండించే వాక్యం దిల్లీ ప్రకటనలో లేదు.