లండన్‌లో వారం రోజులు: హీత్రో నుంచి ఊళ్ళోకి ఎలా, ఏ కార్డు, ఎంత ఖర్చు?

మీ ప్రశ్న సారాంశం ఇది: హైదరాబాద్ నుంచి నలుగురు వెళ్తున్నారు. మీ దంపతులు, మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారు, పన్నెండేళ్ళ బాబు. హీత్రోలో దిగి ఈస్ట్ హామ్‌లో బంధువుల ఇంట్లో వారం రోజులు ఉంటారు. విమానాశ్రయం నుంచి ఎలా వెళ్ళాలి, వారం పాసు కొనాలా, మన ఇండియా కార్డులు పనిచేస్తాయా అని అడిగారు. కింద రాసిన రేట్లన్నీ 2025లో అమల్లో ఉన్నవి. అక్కడ ఏటా మార్చిలో రేట్లు సవరిస్తారు కాబట్టి, బయల్దేరే ముందు అక్కడి రవాణా సంస్థ ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ (టీఎఫ్ఎల్) సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి.

కార్డు సంగతే ముందు చెప్తాను, ఎందుకంటే డబ్బులు ఎక్కువగా పోయేది అక్కడే. లండన్‌లో పాసు, టికెట్ అని వెతుక్కోనవసరం లేదు. కాంటాక్ట్‌లెస్ గుర్తున్న వీసా, మాస్టర్ కార్డ్, అమెక్స్ కార్డు గేటు మీది పసుపుపచ్చ రీడర్‌కి ఆనిస్తే చాలు. రూపే కార్డు పనిచేయదు. ఎక్కేటప్పుడు ఒకసారి, దిగి బయటికి వచ్చేటప్పుడు ఇంకోసారి ఆనించాలి. రోజంతా ఎన్ని రైళ్ళు ఎక్కినా ఒక పరిమితి దాటి వసూలు చేయరు. ఛార్జీల కోసం ఊరిని మధ్య నుంచి బయటికి వలయాలుగా విడగొట్టారు, వాటినే జోన్లంటారు. 1, 2 జోన్లలోనే తిరిగితే రోజుకి 8.90 పౌండ్లు, 1 నుంచి 3 జోన్లయితే 10.50, హీత్రో దాకా కలిపి 1 నుంచి 6 జోన్లయితే 16.30. ఈస్ట్ హామ్ 3, 4 జోన్ల సరిహద్దు మీద ఉంది, ఊరివైపు ప్రయాణాలకు 3 గానే లెక్క. అంటే మామూలు రోజున పెద్దవాళ్ళకి తలా 10.50 దాటదు. సోమవారం నుంచి ఆదివారం దాకా వారం పరిమితి కూడా దానంతట అదే లెక్కలోకి వస్తుంది. కాకపోతే మీరు గురువారం దిగితే ఆ వారం సగంలోనే ముగిసిపోతుంది కాబట్టి దాని వల్ల లాభమేమీ ఉండదు.

ఈ లెక్క కుదరాలంటే ఒక్కో మనిషికి ఒక్కో కార్డు ఉండాలి. ఒకే కార్డుతో ఇద్దరు లోపలికి వెళ్ళడం కుదరదు. ఇంకా ముఖ్యంగా, పొద్దున ప్లాస్టిక్ కార్డు ఆనించి సాయంత్రం అదే కార్డుని ఫోన్లోంచి ఆనిస్తే సిస్టమ్ ఇద్దరు వేర్వేరు మనుషులనుకుంటుంది. వెనక ఖాతా ఒకటే అయినా సరే. ఒక గేటులో ఫోను, ఇంకో గేటులో కార్డు వాడితే రెండూ సగంలో ఆగిపోయిన ప్రయాణాలుగా పడి, రెండింటికీ గరిష్ఠ ఛార్జీ తగులుతుంది. పొద్దున దేనితో మొదలుపెడితే రాత్రి దాకా దానితోనే కానివ్వండి. పర్సులో రెండు కార్డులు పక్కపక్కన పెట్టి పర్సునే రీడర్‌కి ఆనించే అలవాటుంటే మానుకోండి, ఏ కార్డు తగిలిందో మీకే తెలియదు.

ఇక ఇండియా కార్డులు. రిజర్వ్ బ్యాంకు నిబంధన వల్ల మన కార్డుల్లో విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండూ మొదట ఆపేసి ఉంటాయి. బ్యాంకు యాప్‌లో రెండూ విడివిడిగా ఆన్ చేసి, పరిమితి పెంచి వెళ్ళండి. చాలామంది మొదటిది చేసి రెండోది మర్చిపోతారు, గేటు దగ్గర ఎర్రలైటు వెలుగుతుంది. మొదటిసారి ఆనించగానే ఫోన్‌కి 0.10 పౌండ్ల మెసేజ్ రావచ్చు, అది కార్డు పనిచేస్తుందో లేదో చూసుకోవడం, కంగారు పడకండి. అసలు డబ్బు రోజు మొత్తానికి కలిపి ఒక్కసారే రాత్రి తీసుకుంటారు. ఆ రాత్రి వసూలుని బ్యాంకు తిరస్కరిస్తే మర్నాడు గేటు తెరుచుకోదు, బాకీ కట్టాక గానీ ఆ కార్డు పనిచేయదు. క్రెడిట్ కార్డుల్లో చాలావాటి మీద 3.5 శాతం మార్కప్, దాని మీద మళ్ళీ జీఎస్టీ ఉంటాయి. పౌండ్లు నింపిన ఫారెక్స్ కార్డు కాంటాక్ట్‌లెస్‌ది ఉంటే అది నయం. అమ్మగారికి కార్డు లేకపోతే ఆవిడకి ఆయిస్టర్ కార్డు (డబ్బు ముందే నింపుకునే లండన్ ప్రయాణ కార్డు) కొనేయండి. దాని ధర 10 పౌండ్లు, తిరిగి ఇవ్వరు, పైన బ్యాలెన్స్ వేసుకోవాలి. రేట్లు, పరిమితులు కాంటాక్ట్‌లెస్‌కి ఉన్నవే.

బాబు విషయంలో మాత్రం ఆయిస్టర్ తప్పనిసరిగా తీసుకోండి. 11 నుంచి 15 ఏళ్ళ పిల్లలకి యంగ్ విజిటర్ డిస్కౌంట్ అని ఉంది, పెద్దల ఛార్జీలో సగం, 14 రోజుల దాకా. ఇది దానంతట అది రాదు. కార్డు కొన్నాక ట్యూబ్ (లండన్ భూగర్భ రైలు) స్టేషన్‌లో సిబ్బందికి బాబుని చూపించి, "యంగ్ విజిటర్ డిస్కౌంట్ పెట్టండి" అని అడిగితే మెషీన్ దగ్గరే పెట్టిస్తారు. హీత్రో ట్యూబ్ స్టేషన్‌లో మొదటి ప్రయాణానికి ముందే చేయించుకోండి. 11 లోపు పిల్లలున్న వేరేవాళ్ళు ఇది చదువుతుంటే: పెద్దవాళ్ళతో ఉంటే వాళ్ళకి ట్యూబ్‌లో ఛార్జీ లేదు, వెడల్పు గేటు గుండా తీసుకెళ్ళండి.

ఇప్పుడు హీత్రో. హైదరాబాద్ నుంచి నేరుగా వచ్చే బ్రిటిష్ ఎయిర్‌వేస్ అయితే టెర్మినల్ 5. గల్ఫ్ మీదుగా వస్తే ఎమిరేట్స్ 3, ఖతార్, ఎతిహాద్ 4. ఎయిర్ ఇండియా 2. అయినా టికెట్ మీది అంకెనే నమ్మండి, తిరుగు ప్రయాణానికి కూడా.

మీకు దారులు రెండు. మొదటిది ఎలిజబెత్ లైన్ అనే రైలు మార్గం. వైట్‌చాపెల్‌లో దిగి, అక్కడ తూర్పువైపు వెళ్ళే డిస్ట్రిక్ట్ లేదా హామర్‌స్మిత్ అండ్ సిటీ లైన్ ఎక్కితే ఈస్ట్ హామ్. ఎలిజబెత్ రైళ్ళు వైట్‌చాపెల్ దాటాకే రెండు పాయలుగా చీలతాయి, కాబట్టి హీత్రోలో తూర్పుకి పోయే ఏ ఎలిజబెత్ రైలు ఎక్కినా పర్వాలేదు. వైట్‌చాపెల్‌లో లిఫ్టులున్నాయి, రైళ్ళలో ఏసీ ఉంది. గంటా పది నిమిషాలు వేసుకోండి. రేటు మాత్రం బరువే, ఊరి మధ్యదాకా 13.90. కానీ ఆ రోజు పరిమితి 16.30 కాబట్టి, దిగిన రోజు సాయంత్రం ఇంకెక్కడికైనా వెళ్తే అదనంగా పడేది తక్కువ.

రెండోది పికడిల్లీ లైన్ అనే ట్యూబ్ మార్గం. ఇది 5.80. ఎక్కువమంది దీంట్లో ఊరి మధ్యదాకా వెళ్ళి, పెట్టెలతో మెట్లెక్కి దిగి లైను మారతారు. ఆ అవసరం లేదు. హామర్‌స్మిత్‌లో గానీ బేరన్స్ కోర్ట్‌లో గానీ దిగండి. అదే ప్లాట్‌ఫారం అవతలి వైపుకి డిస్ట్రిక్ట్ లైన్ రైలు వస్తుంది, పెట్టెలు నాలుగడుగులు లాగితే చాలు. అప్‌మిన్‌స్టర్ లేదా బార్కింగ్ అని రాసి ఉన్న రైలు ఎక్కితే మళ్ళీ మారకుండా ఈస్ట్ హామ్ చేరుతుంది. గంటన్నర పైన పడుతుంది, పికడిల్లీ రైళ్ళు పాతవి, ఎండాకాలం ఉక్కపోత. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర మధ్య దిగితే పెట్టెలతో ఈ దారి పట్టకండి, ఆఫీసులకి వెళ్ళేవాళ్ళు నిలబడ్డానికి కూడా చోటివ్వరు. అమ్మగారూ ఉన్నారు, నాలుగు పెద్ద పెట్టెలూ ఉంటాయి కాబట్టి నేనైతే వెళ్ళేటప్పుడు ఎలిజబెత్, తిరిగి వచ్చేటప్పుడు పికడిల్లీ అంటాను.

హీత్రోలో ఒక ఉచ్చు ఉంది. హీత్రో ఎక్స్‌ప్రెస్ అనే వేరే రైలు 15 నిమిషాల్లో పాడింగ్టన్ చేరుస్తుంది. టెర్మినల్ 2, 3 స్టేషన్‌లో అదీ ఎలిజబెత్ లైనూ ఒకే ప్లాట్‌ఫారం మీదికి వస్తాయి. చూసుకోకుండా ఎక్కి పాడింగ్టన్‌లో కార్డు ఆనిస్తే మనిషికి 25 పౌండ్లు, అది రోజు పరిమితిలోకి కూడా రాదు. ఎక్కే ముందు తలుపు పక్కన ఊదారంగు గుర్తు, బోర్డు మీద "ఎలిజబెత్ లైన్" అన్న మాట చూసుకోండి. టెర్మినల్ 5 నుంచి ఎలిజబెత్ రైళ్ళు తక్కువ. చాలాసేపు ఆగాల్సి వస్తే ఎక్స్‌ప్రెస్‌లో టెర్మినల్ 2, 3 దాకా ఉచితంగా వచ్చి అక్కడ దిగి మారవచ్చు. టెర్మినళ్ళ మధ్య ప్రయాణం ఉచితమే.

ఊళ్ళో తిరిగేటప్పుడు పటం చూసి మోసపోవద్దు. ట్యూబ్ మ్యాప్ దూరాలు చెప్పదు. లెస్టర్ స్క్వేర్ నుంచి కోవెంట్ గార్డెన్ ఒక స్టాపు, నడిస్తే 300 మీటర్లు కూడా లేదు. కోవెంట్ గార్డెన్‌లో లిఫ్టు దగ్గర గుంపుంటే మెట్ల దారి పట్టకండి, 193 గుండ్రటి మెట్లు, పాపం అమ్మగారు. నార్దర్న్ లైన్ మధ్యలో రెండు పాయలు, ఒకటి బ్యాంక్ మీదుగా, ఇంకోటి చారింగ్ క్రాస్ మీదుగా, బోర్డు చదవకుండా ఎక్కితే మీరు అనుకున్న స్టేషన్ రానే రాదు. సర్కిల్ లైన్ పేరుకే వలయం, 2009 నుంచి హామర్‌స్మిత్‌లో ఆగిపోతుంది. ఎలిజబెత్ రైలు 200 మీటర్ల పైన పొడుగు, కొన్ని స్టేషన్లకి రెండు చివర్లా రెండు దారులు. లివర్‌పూల్ స్ట్రీట్‌లో ఒక చివర దారిన పైకి వెళ్తే పక్క స్టేషన్ మూర్‌గేట్‌లో తేలతారు. మీరు దిగాల్సిన దారి ముందుందో వెనకుందో చూసుకుని రైలు బోగీ ఎంచుకోండి. టీఎఫ్ఎల్ గో యాప్‌లో మెట్లు లేని స్టేషన్లను మాత్రమే చూపించే మ్యాప్ ఉంది, అమ్మగారితో వెళ్ళే రోజు ఆ మ్యాపే చూడండి.

నిజానికి అమ్మగారికి బస్సే మేలు. 1.75 పౌండ్లు, మొదట ఆనించిన గంటలోపు అదే కార్డుతో ఎన్ని బస్సులు మారినా మళ్ళీ కట్టక్కర్లేదు. ముందు తలుపు గుండా ఎక్కి ఒకసారి ఆనిస్తే చాలు, దిగేటప్పుడు అక్కర్లేదు. నగదు తీసుకోరు. 9వ నంబరు ట్రఫాల్గర్ స్క్వేర్, పికడిల్లీ, హైడ్ పార్క్ కార్నర్, రాయల్ ఆల్బర్ట్ హాల్ పక్కనుంచి వెళ్తుంది. 24 ట్రఫాల్గర్ నుంచి పార్లమెంటు మీదుగా. 15 సెయింట్ పాల్స్, టవర్ ఆఫ్ లండన్ వైపు. పైఅంతస్తు ముందు సీటు దొరికితే టూరిస్టు బస్సుకి డబ్బు పెట్టనక్కర్లేదు. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ వైపు మాత్రం సాయంత్రం బస్సు కదలదు, అక్కడ ట్యూబే.

గేట్లు లేని స్టేషన్లలో, ముఖ్యంగా డాక్‌లాండ్స్ లైట్ రైల్వే అనే తూర్పు లండన్ రైలు మార్గంలో, స్తంభానికి రీడర్ ఉంటుంది. జనంతో పాటు కొట్టుకుపోయి ఆనించకుండా వెళ్తే లోపల తనిఖీలో దొరికితే 100 పౌండ్ల జరిమానా, 21 రోజుల్లో కడితే 50. దిగేటప్పుడు ఆనించడం మర్చిపోతే గరిష్ఠ ఛార్జీ పడుతుంది. దానికి సైట్‌లో ఖాతా తెరిచి కార్డు నమోదు చేసుకుని ఉంటే ప్రయాణం చూపించి తిరిగి అడగొచ్చు. పొద్దున ఇంట్లో కూర్చుని పది నిమిషాల్లో అయ్యే పని, వెళ్ళకముందే చేసుకోండి.

శనాదివారాల్లో మరమ్మతుల కోసం లైన్లు మూసేస్తారు, శుక్రవారం సాయంత్రమే చూసుకోండి. తిరుగు ప్రయాణంలో పికడిల్లీ ఎక్కేటప్పుడు రైలు మీద టెర్మినల్ 5 అనుందా 4 అనుందా చూడాలి, అక్స్‌బ్రిడ్జ్ అనుంటే ఎక్కకండి. శుక్ర, శనివారాల రాత్రి పికడిల్లీ తెల్లవార్లూ నడుస్తుంది గానీ టెర్మినల్ 4కి వెళ్ళదు. డిసెంబర్ 25న అయితే ట్యూబూ బస్సూ ఏవీ ఉండవు, ఆ రోజు విమానం ఉంటే క్యాబ్ ముందే మాట్లాడుకోండి.