మేము తినము, నేను మానేశాను

సందేహం: "ఏడేళ్ల క్రితం నేను మాంసం, చేపలు తినడం మానేశాను. మా ఇంట్లో మిగిలినవారందరూ తింటారు. మా కార్యాలయ సంచికకు ఇచ్చిన చిన్న వ్యాసంలో 'వ్యక్తిగత కారణాల వల్ల నేను శాఖాహారిగా మారాను' అని రాస్తే, ఒక సహోద్యోగి దానిని 'శాకాహారి' అని దిద్దారు. మరొకరు రెండూ ఒప్పేనన్నారు. విందులకు వెళ్లినప్పుడు 'నేను శాకాహారిని' అంటే చాలు, 'మీరు ఫలానా వారా?' అని కులం ఆరా తీస్తారు. మా మేనత్త 'మా పిల్ల నీచు మానేసింది' అని అందరికీ చెబుతుంది. ఆ మాట నాకు కించగా తోస్తుంది. నా సంగతి చెప్పడానికి తగిన తెలుగు ఏది?" - ఒక పాఠకురాలు, ఖమ్మం.

సమాధానం: అమ్మా, మీ సహోద్యోగులలో మొదటివారు చెప్పినదే సరైనది. శాకము, ఆహారము అన్న రెండు సంస్కృత పదాలు సవర్ణదీర్ఘ సంధితో కలిసి శాకాహారమైంది. రెండవవారి మాటలో కొంత న్యాయం లేకపోలేదు. శాఖ, ఆహారము అన్న పదాలు కలిసినా శాఖాహారమే అవుతుంది కనుక సంధి దృష్ట్యా అందులో దోషం లేదు, చిక్కంతా అర్థంతోనే. శాఖ అంటే కొమ్మ. కొమ్మల మీద తిరుగుతుంది కనుకనే కోతికి శాఖామృగమని పేరు వచ్చింది. ఆ లెక్కన శాఖాహారి అంటే కొమ్మలు తినే ప్రాణి, అంటే ఏనుగో మేకో అవుతుంది. మేకమాంసం మానినవారిని మేకల్లో కలిపేయడం న్యాయం కాదు.

ఈ తప్పు ఇంతగా ఎందుకు పాతుకుపోయిందంటే, శాకమనే మాట విడిగా మన నోట పలకడం దాదాపు లేకుండా పోయింది. పెళ్లి భోజనాల వర్ణనలో శాకపాకాలు, ఆషాఢంలో ఇంద్రకీలాద్రి మీద, వరంగల్లు భద్రకాళి గుడిలో అమ్మవారిని కూరగాయలతో అలంకరించి శాకంబరిగా కొలిచే ఉత్సవం - ఈ రెండు మూడు చోట్ల తప్ప అది వినిపించదు. శాఖ మాత్రం విద్యాశాఖగా, రెవెన్యూ శాఖగా, బ్యాంకు శాఖగా రోజూ కళ్లబడుతూ ఉంటుంది. దీనికి తోడు మరొకటి కూడా పనిచేసి ఉంటుందని నా ఊహ. బ్రాహ్మణ కుటుంబాలు సంబంధాలు చూసుకునేటప్పుడు "మీది ఏ శాఖ?" అని అడుగుతారు, పుట్టుకతో మాంసం తిననివారికీ, శాఖ అన్న మాటకూ జనం మనసులో ముడిపడడానికి అది చాలు. హోటళ్ల బోర్డుల మీద "శుద్ధ శాఖాహార భోజనం" అని రాసినవారికి వ్యాకరణం రాకపోయినా లోకం పోకడ బాగానే తెలుసేమో.

శాకమంటే ఆకుకూర మాత్రమే కాదు. అమరకోశం ఆకులూ పువ్వులూ మొదలైనవాటికి శాకమని పేరు చెప్పింది. ఆయుర్వేదంలో భావమిశ్రుడు దానిని ఆకు, పువ్వు, కాయ, కాడ, దుంప, పుట్టగొడుగు అని ఆరు విధాలుగా విభజించాడు. పుట్టగొడుగు మాంసమా, కూరా అని తగువులాడుకునేవారికి ఈ సంగతి పనికివస్తుంది. అయితే ఈ ఆరింటిలో అన్నమూ లేదు, పప్పూ లేదు, పెరుగూ లేదు. కనుక శాకాహారి అన్న మాటను విడదీసి అర్థం చెబితే మనం తినే తిండిలో ఒక మూలకు మాత్రమే సరిపోతుంది. అది తినేదాన్ని చెప్పే మాటలా కనిపించినా, నిజానికి తిననిదాన్ని సూచించడానికే వాడుకలో నిలిచింది. పొట్లాల మీద పచ్చ చుక్క పెట్టే ప్రభుత్వ నియమం కూడా పాలను ఇవతల, గుడ్డును అవతల ఉంచిందంటే, ఆ గీత వ్యుత్పత్తి గీసినది కాదని తెలుస్తూనే ఉంది.

శాకానికి సరైన తెలుగు కూర. తోటకూర, పాలకూర, బచ్చలికూర, గోంగూర అన్నవాటిలో ఉన్న కూర అదే. ఆ లెక్కన "శాకాహారిని" అనడానికి అచ్చతెలుగు "కూర తింటాను" అవ్వాలి. కానీ మీ జిల్లాలోనూ, తెలంగాణ పల్లెల్లో చాలాచోట్లా ఆదివారం నాడు కూర తెచ్చారంటే మాంసం తెచ్చారని అర్థం. "నేను కూర తినను" అన్న మనిషికి మనం శాకాహారి అని పేరు పెట్టాలి. సంస్కృతంలో శాకం తినేవాడు, తెలుగులో కూర తిననివాడు, ఇద్దరూ ఒక్కడే. ఒక మాట అర్థం ఇలా తలకిందులు కావడానికి కారణం వెదకనక్కరలేదు. 2014లో భారత రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం జరిపిన నమూనా నమోదు సర్వేలో, పదిహేనేళ్లు నిండినవారిలో మాంసం తినేవారు తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ నూటికి తొంభై ఎనిమిది మందికి పైగా ఉన్నారని తేలింది. అందరూ తినేదానికి వేరే పేరు అవసరం లేదు, తిననివారికే పేరు కావాలి. ఆ తిననివారిలో ఎక్కువమంది పుట్టుక వల్ల తిననివారు కావడంతో, ఆ పేరు ఆహారాన్ని కాక ఇంటిని చెప్పే పేరుగా స్థిరపడింది. విందులో మిమ్మల్ని కులం అడగడానికి మూలం ఇక్కడుంది. తమిళంలో ఇది ఇంకా స్పష్టం: మాంసం లేని భోజనాన్ని వారు సైవం అంటారు, అంటే శైవుల తిండి అని. బెంగాలీలు నిరామిషమంటారు, ఆమిషం, అంటే మాంసం, లేనిదని అర్థం. అందులో మతం ప్రసక్తి లేదు కనుక అది మనకు అరువు తెచ్చుకోదగినదే, కానీ తెలుగు విందులో "నిరామిషం వడ్డించండి" అంటే వడ్డించేవాడు తెల్లబోతాడు.

మీ మేనత్తగారి మాట విషయంలో మీరు నొచ్చుకోనక్కరలేదు. నీచుడు, నీచబుద్ధి అన్నప్పటి చ వేరు, నీచు వాసన అన్నప్పటి చ వేరు. మొదటిది నాలుక అంగిలికి తగిలి పలికే తాలవ్యం. రెండవది చలి, చాలు అన్న మాటల్లో వలె పళ్ల దగ్గర పలికే దంత్యం, పాత పుస్తకాల్లో మీద గుర్తు పెట్టి ౘ అని అచ్చువేసినది. దంత్య చకారం మాండలికాల్లో స అవుతుంది కనుకనే చల్ల సల్ల అయినట్టు, నీచు తెలంగాణలో నీసు అయింది. నీచుడిని మాత్రం అదే నోరు నీసుడు అనదు. కాబట్టి ఇది చేపకూ, మాంసానికీ, ముఖ్యంగా వాటి వాసనకూ ఉన్న తెలుగు మాటే తప్ప తిట్టు కాదు. కానీ రాతలో ఈ రెండు చకారాలకూ భేదం చూపడం మనం ఎప్పుడో మానేశాం. కంటితో చదివేవాడికి రెండూ ఒకటే కనుక, అచ్చులో వాడితే తినేవారిని కించపరచినట్టు పడుతుంది. మేనత్తగారి నోట ఉండనివ్వండి, మీ వ్యాసంలోకి రానివ్వకండి. (మాంసానికి అచ్చతెలుగు కావాలనుకునేవారికి నిఘంటువుల్లో ఎఱచి, పొల అన్నవి ఉన్నాయి. తమిళ నీతిగ్రంథం తిరుక్కురళ్‌లో మాంసం మానడం గురించిన అధ్యాయానికి పులాల్ మఱుత్తల్ అని పేరు. ఆ పులాలూ మన పొలా చుట్టాలే. అయితే పొలదిండి అంటే మన కావ్యాల్లో రాక్షసుడు. భోజనాల బల్ల దగ్గర దానిని వాడమని నేను చెప్పను.)

ఇక మీ అసలు వాక్యం. "వ్యక్తిగత కారణాల వల్ల" అన్నది తప్పు కాదు, కానీ అది రాజీనామా పత్రాల భాష; కారణం చెప్పదలచుకోనివారు తలుపు వేసుకోవడానికి వాడేది. మీరు వ్యాసం రాసినది కారణం చెప్పడానికే గనుక, తలుపు వేసి లోపలి నుంచి మాట్లాడినట్టు ఉంటుంది. తెలుగులో ఒక పదార్థం తినకపోవడానికి కారణాన్ని వేరే మాటతో చెప్పనక్కరలేదు. విభక్తి, క్రియ, సర్వనామం మూడూ కలిసి దానిని వాక్యంలోనే చెప్పేస్తాయి. "నాకు పడదు" అంటే ఒంటికి సరిపడదని, "నాకు సయించదు" అంటే ఆ రుచో వాసనో ఓర్చుకోలేనని, "నాకు మనసొప్పదు" అంటే ప్రాణి మీద జాలి అడ్డువస్తుందని వినేవారికి వెంటనే తెలుస్తుంది. ఈ మూడింటిలోనూ మనిషి "నేను" కాదు, "నాకు". అంటే కర్త స్థానంలో లేడు, ఏదో ఒకటి తనకు జరుగుతున్నది. "తినకూడదు" అన్నప్పుడు మనిషే లేడు, నియమం ఒక్కటే ఉంది. మాల వేసుకున్నవారు, కార్తీకం పాటించేవారు, మొక్కుకున్నవారు అనే మాట అది. "మేము తినము" అన్నప్పుడు మనిషి తిరిగి వచ్చాడు గాని ఒంటరిగా రాలేదు, వంశాన్నంతా వెంటబెట్టుకొని వచ్చాడు. వినేవారిని మినహాయించి చెప్పే బహువచనం మేము. మీరు వేరు, మేము వేరు అన్న హద్దు ఆ సర్వనామంలోనే ఉంది. "నేను తినను" అనేదొక్కటే సొంత నిర్ణయం చెప్పే వాక్యం.

ఈ భేదం ఎంతటిదో గాంధీగారి జీవితంలో చూడవచ్చు. 1888లో లండనుకు బయలుదేరే ముందు ఆయన మాంసం ముట్టనని తల్లి దగ్గర ప్రమాణం చేశారు. అక్కడ అర్ధాకలితో ఉంటూ దానిని నిలబెట్టుకున్నారు గాని, భారతీయులందరూ మాంసం తినాలనీ, తానూ ఒకనాటికి తినాలనీ మనసులో కోరుకుంటూనే ఉన్నారు. ఒక శాకాహార భోజనశాలలో కొన్న చిన్న పుస్తకం చదివిన నాటి నుంచే తాను ఇష్టపూర్వకంగా శాకాహారినయ్యానని ఆయనే తరువాత ఆత్మకథలో రాశారు. కంచంలో ఉన్నది అంతకుముందూ ఆ తరువాతా ఒకటే; మారినది "తినకూడదు" అన్నది "తినను" కావడమే.

మీ విషయంలో ఇంకొక మెలిక ఉంది: మీరు ఒకప్పుడు తిన్నవారు. "తినను" అంటే ఎన్నడూ తినలేదన్న అర్థం కూడా రావచ్చు కనుక, మానడమనే క్రియ రావాలి. "మానేశాను", "మానుకున్నాను" రెండూ మాను అన్న ధాతువు నుంచి వచ్చినవే, గాయం మానింది అన్నప్పుడు ఉన్నదీ అదే. వెనక చేరిన సహాయక్రియలే తేడా తెస్తాయి. వేయు చేరితే పని ముగిసిపోయిందని: బడి మానేశాడు, కాఫీ మానేశాను. కొను చేరితే క్రియాఫలం చేసేవాడికే చెందుతుందని మన వ్యాకరణాల మాట: తాగుడు మానుకున్నాడు, ఆ అలవాటు మానుకో. ఉదాహరణలు చూడండి, మానుకునేవన్నీ మంచివి కాని పనులే. కనుక మాంసం వండి ఎదురుచూస్తున్న ఇంటివారి ముందు "మానుకున్నాను" అంటే, మీరు తింటున్నది కూడనిదని చెప్పినట్టు ధ్వనిస్తుంది. అక్కడ "మానేశానండీ" అనడమే మర్యాద. వ్యాసంలో మీ అంతర్మథనం రాసేటప్పుడు "మానుకున్నాను" నిండుగా ఉంటుంది. "వదిలేశాను" అన్నది మూడవది. మా నాయనమ్మ కాశీలో మామిడిపండు వదిలిపెట్టి వచ్చింది, అది ఆమెకు అన్నిటికన్నా ఇష్టమైన పండు. మీకు చేపల పులుసు మీద ఇప్పటికీ మమకారం మిగిలి ఉంటే ఈ మాట మీకు సరిపోతుంది, లేకపోతే సరిపోదు. "డాక్టరు మాన్పించారు" అన్నదాన్ని గురించి వివరించనక్కరలేదు.

సాత్వికాహారమని రాయమని మీకు ఎవరైనా సలహా ఇస్తే రెండు కారణాల వల్ల వద్దనే చెబుతాను. మొదటిది, అది సాత్త్వికం, తకారం కింద త, వ రెండూ ఉండాలి. రెండవది, గీత పదిహేడవ అధ్యాయంలో ఆహారాన్ని మూడు రకాలుగా చెప్పిన చోట మాంసం పేరు ఎక్కడా రాలేదు. కారం, పులుపు, ఉప్పు మితిమీరినవి మాత్రం రాజసాల్లో చేరాయి. ఆ లెక్కన ఆవకాయ అన్నం శాకాహారమే గాని సాత్త్వికం కాదు, దానిని వదులుకోవాలని మీ లేఖలో ఎక్కడా లేదు.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా దిద్దుతాను: "మా ఇంట్లో అందరూ మాంసం తింటారు, ఏడేళ్లుగా మనసొప్పక నేను మానేశాను." మనసొప్పకపోవడం మీ కారణం కాకపోతే, ఆ ఒక్క మాట తీసి అక్కడ మీ కారణం పెట్టుకోండి. విందులో అయితే "శాకాహారిని" అన్న నామవాచకాన్ని పక్కనపెట్టి "ఇదివరకు తినేదాన్నండీ, మానేశాను" అనండి. అప్పుడు వారు అడిగేది "మీరెవరు?" అని కాదు, "ఎందుకు?" అని.