40 వేలలో పాత హాలు: కొనడం కంటే ముందు తీసేయడం మొదలుపెట్టండి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదండీ. విజయవాడ సత్యనారాయణపురంలో 1988లో కట్టిన సొంతిల్లు. హాలు 12 అడుగులకి 16. మొజాయిక్ గచ్చు, ఆకుపచ్చ డిస్టెంపరు, గోడలో అద్దాల తలుపుల షోకేసులు, రెక్సిను పొట్టు రాలుతున్న టేకు సోఫా. మాఘంలో అమ్మాయి నిశ్చయ తాంబూలాలు. చేతిలో ఉన్నది 40 వేలు. ఇంటీరియర్ వాళ్ళొచ్చి చూసి టైల్సు, ఫాల్స్ సీలింగు, టీవీ యూనిట్టు కలిపి మూడు లక్షలు చెప్పారు. అందులో ఏదో ఒక్కటే చేయించగలిగితే ఏది చేయించమంటారు అని అడిగారు.

ఆ మూడింట్లో ఏదీ వద్దంటాను. మా అత్తగారిల్లు గుంటూరు బ్రాడీపేటలో ఉంది, దాదాపు మీ ఇంటి ఈడుదే. మా ఆడపడుచు కూతురి పెళ్ళికి ముందు మేమూ ఇదే గొడవ పడ్డాం. చివరికి హాలుకి మేము కొత్తగా కొన్నది బట్ట, బల్బులు, రంగు, అంతే. మిగతా డబ్బంతా మేస్త్రుల కూలీకే పోయింది. పాత ఇళ్ళలో సరుకు మంచిదే ఉంటుందండీ. దాని మీద ముప్పై ఏళ్ళు పేరుకున్నదాన్ని వదిలించడానికి ఖర్చు పెట్టాలి గానీ, ఇంకో పొర కప్పడానికి కాదు.

ముందు గచ్చు సంగతి. మొజాయిక్ మీద టైల్స్ అతికిస్తే నేల ముప్పావు అంగుళం నుంచి అంగుళం దాకా లేస్తుంది. దాంతో తలుపులన్నీ అడుగున కోయించాలి. గడపలు మునిగిపోతాయి. పసుపు రాసి ముగ్గేసే గడప నేలలో కలిసిపోతే మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఊరుకుంటారో లేదో నాకు తెలియదు, మా అత్తయ్య మాత్రం ఊరుకోలేదు. పైగా వంటింటికీ హాలుకీ మధ్య చిన్న మెట్టు వస్తుంది. పళ్ళేలు పట్టుకుని తిరిగేవాళ్ళు దానికి తట్టుకోవడం ఖాయం.

మొజాయిక్ అంటే సిమెంటులో కలిపి పోసిన పాలరాతి ముక్కలే కదా. పైన అరిగి, మసిబారి కనిపిస్తుంది గానీ ఒక్క పొర గీకితే లోపల కొత్తదే. గ్రైండింగ్ మిషనుకి ముందు గరుకు సాన రాళ్ళు బిగించి, నీళ్ళు పోస్తూ తిప్పుతారు. తర్వాత వరసగా నున్నటి రాళ్ళు. మధ్యలో సన్నటి చిల్లులు, పగుళ్ళు తేలతాయి. వాటిలో తెల్ల సిమెంటులో గచ్చు రంగుకి సరిపడా రంగు పొడి కలిపి నింపి, ఆరనిచ్చి, మళ్ళీ తిప్పుతారు. ఆఖరున ఆక్సాలిక్ పొడితో పాలిష్. మా హాల్లో సోఫా కింద చదరంలో ఎర్రటివి, నల్లటివి, అక్కడక్కడా ఆకుపచ్చ ముక్కలు బయటపడితే, ఇదెప్పుడు వేయించారని మా ఆయన వాళ్ళమ్మని అడిగాడు. అదే ఇంట్లో పుట్టి పెరిగినవాడు! హాలూ వరండా కలిపి మాకు 9 వేలయింది. మిషను ఆటోలో తేవాలి కాబట్టి చిన్న గదైనా ఒక మొత్తం అడుగుతారు. అందుకే వరండా కూడా కలిపి బేరం చేయండి.

ఒక్క మాట. పాలిష్ అయ్యాక, ఇప్పుడు కూడా, మరకలకని బాత్‌రూం యాసిడ్ పోయకండి. పాలరాయి సున్నపు రాయి జాతి, యాసిడ్ పడితే బుసబుసా పొంగి కరుగుతుంది. చాలా ఇళ్ళలో గచ్చు మెరుపు పోవడానికి కాలం కంటే ఈ కడగడమే ఎక్కువ కారణం. గుమ్మం దగ్గర గచ్చు మరీ గరుకుగా ఉందంటే ముందు దీన్నే అనుమానించండి.

ఫాల్స్ సీలింగు గురించి నా అభిప్రాయం కాస్త ఘాటుగానే ఉంటుంది. పాత శ్లాబులో ఎక్కడైనా నీళ్ళు దిగుతుంటే లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది, పెచ్చులూడతాయి. ఆ పెచ్చు కంటికి కనబడుతున్నంత కాలం మనం ఏదో ఒకటి చేస్తాం. సీలింగు కప్పేశాక అది పెద్దదయ్యేదాకా తెలియదు. మీ శ్లాబు శుభ్రంగా ఉంటే దాన్ని కప్పాల్సిన పనేముంది? వేడి కోసం అంటారా, ఆ ఖర్చులో కొంత డాబా మీద తెల్లటి చలువ పెయింటుకి పెట్టండి. కనీసం రెండు పూతలు సున్నమైనా కొట్టించండి. బెజవాడ మే నెల ఎండకి అది చేసే మేలు ఎక్కువ. అయితే అది వేసవి నాటి పని, మాఘంలోపు తొందర లేదు.

ఇప్పుడు గోడలు. మీరు అడగలేదు గానీ మీరు పంపిన ఫోటోలో కిటికీ కింద రంగు పొరలు పొరలుగా లేచి, తెల్లటి పొడి కనిపిస్తోంది. అది చెమ్మ. నేలలోంచో, అవతలి పైపులోంచో నీరు ఇటుకలోకి పాకి, తనతో లవణాలు తెచ్చి, గోడ పైపొరలో ఆరిపోతూ వాటిని వదిలేస్తుంది. ఆ ఉప్పు రంగుని తోసుకుని బయటికి వస్తుంది. దాని మీద లప్పం పెట్టి ప్లాస్టిక్ పెయింటు వేస్తే ఒక్క వానాకాలం నిలవదు, బుడగలొస్తాయి. పెయింటర్ అడిగినా అడగకపోయినా ముందు ఒక పని చేయండి. ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ కవరుని ఆ చోట గోడకి నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించి రెండు రోజులు ఉంచండి. కవరు లోపలి వైపు నీటి బొట్లు పడితే తడి గోడలోంచి వస్తున్నట్టు. బయటి వైపు పడితే గాలిలో తేమ. గోడలోంచే అయితే ఆ గోడ వెనకాల కొళాయి గానీ డ్రైనేజీ పైపు గానీ ఉందేమో చూసి దాన్ని బాగుచేయించండి. తర్వాత ఉప్పు పట్టిన ప్లాస్టరింగు ఇటుక దాకా కొట్టించి, వాటర్‌ప్రూఫ్ కలిపిన సిమెంటుతో మళ్ళీ చేయించి, బాగా ఆరనివ్వాలి. ఆరడానికి వారాలు పడుతుంది. కాబట్టి ఈ పని ఇవాళే మొదలుపెట్టాలి. అంత టైము లేదనుకుంటే కిటికీ కింద ఆ మూడడుగుల మేర సున్నమే కొట్టించి వదిలేయండి. సున్నం గోడకి ఊపిరాడనిస్తుంది. కొంచెం తేడా కనిపించినా పెచ్చులూడటం కంటే నయం.

మిగతా గోడల మీద డిస్టెంపరు కదా. చేత్తో రుద్ది చూడండి, అరచేతికి పచ్చటి పొడి అంటుతుందా? అంటితే తడిపి గీకించాల్సిందే. పొడి మీద వేసిన ఎమల్షన్ పొడితో పాటే ఊడుతుంది. గీకడం మొండి పని, దుమ్ము పని, అందుకే పెయింటర్లు దాన్ని ఎగ్గొట్టాలని చూస్తారు. దగ్గరుండి చేయించండి. మాది 2016 కృష్ణా పుష్కరాలకి చుట్టాలొస్తారని హడావిడిగా వేయించిన రంగు. గీకుతుంటే దాని కింద పాత నీలం, దాని కింద సున్నం, చెక్కలు చెక్కలుగా ఊడొచ్చాయి. రంగు లెక్క మీరే వేసుకోండి. నాలుగు గోడల చుట్టుకొలత 56 అడుగులు, ఎత్తు పది అనుకుంటే 560 చదరపు అడుగులు. తలుపులు, కిటికీలు, షోకేసులు తీసేస్తే 440 దాకా మిగులుతుంది. పైకప్పు ఇంకో 192. డబ్బా మీద లీటరుకి ఎంత మేర వస్తుందో రాసి ఉంటుంది. కంపెనీ వాళ్ళు నున్నటి గోడ మీద లెక్కేస్తారు కాబట్టి దాంట్లో కొంత తగ్గించుకుని కొనండి. ఫలానా రకమే కావాలని పెయింటర్ పట్టుబడితే, డబ్బాలో పెయింటర్లకు కమీషనుగా పెట్టే టోకెన్ల సంగతి కూడా గుర్తుంచుకోండి. తప్పని కాదు, బతుకుతెరువు. మన డబ్బు మనం చూసుకోవాలి కదా.

రంగు ఏదైనా లేతది. మీ గచ్చులో పసుపు ఛాయ ఎక్కువగా ఉంది, మీగడ రంగు బాగా కలుస్తుంది. నలుగురి ఇళ్ళలో చూసి ఒక గోడకి మాత్రం ముదురు రంగు కొట్టించడం ఇప్పుడు ఫ్యాషను. 12 అడుగుల గదిలో అది గోడని మీదికి తెచ్చినట్టుంటుంది. నాకైతే వద్దు.

షోకేసుల దగ్గర మీరు తెగ బాధపడిపోయారు, "మా ఇంటి పరువంతా అక్కడే పోతోంది" అని. ఇంటీరియర్ వాళ్ళు పగలగొడతామన్నారు కూడా. పగలగొడితే గోడ మళ్ళీ కట్టాలి, ఖర్చు. మేము చేసింది చెప్తాను. ముందు జరిగే అద్దాలు రెండూ తీయించేశాం. ఆ అల్యూమినియం గాడిలో ఏమేం ఉన్నాయనుకున్నారు? బల్లి గుడ్ల పెంకులు, చీమల మట్టి, ఒక పెన్ను మూత, మా మరిది స్కూలు బ్యాడ్జీ. లోపల పెళ్ళిళ్ళలో వచ్చిన గడియారాలు (ఒక్కటీ నడవదు), ప్లాస్టిక్ గులాబీలు, తిరుపతి నుంచి తెచ్చిన రంగుల బొమ్మలు, స్టీలు కప్పులు. అన్నీ కింద దుప్పటి పరిచి పెట్టి, మా అత్తయ్యని "మీరు ఏవి ఉంచమంటే అవే" అన్నాను. ఆవిడ కూర్చుని ఒక్కోటీ చేతిలోకి తీసుకుని, ఇది ఫలానా వాళ్ళ పెళ్ళిది, ఇది నాన్న తెచ్చింది అంటూ, సగానికి పైగా ఆవిడే పక్కన పెట్టేసింది. మనమే తీసేస్తే ఆ యుద్ధం ఇప్పటికీ నడుస్తుండేది.

గూళ్ళ లోపలికి మాత్రం గోడ కంటే రెండు ఛాయలు ముదురు రంగు వేయించాం. ప్రతి అరకీ రెండు మూడు వస్తువులు, మధ్యలో ఖాళీ. ఇత్తడి చెంబులూ మరచెంబూ అటకెక్కి ఉన్నాయి, చింతపండుతో తోమి దించాం. పాత కొండపల్లి బొమ్మల్లో అంబారీ ఏనుగూ, తాడి ఎక్కేవాడూ బాగానే ఉన్నాయి. మీకు కొండపల్లి ఎంతో దూరం కాదు, అద్దాలు పోయిన చోట దశావతారాల సెట్టు ఒకటి పెడితే చాలు. ఆ బొమ్మలు తెల్లపొణికి అనే మెత్తటి చెక్కవి కాబట్టి తడిగుడ్డతో తుడవకండి, పొడి బ్రష్షు చాలు. ఒక అరలో పుస్తకాలు. అద్దాలు లేకపోతే దుమ్ము పడుతుంది, నిజమే. అయినా అద్దాలు ఉన్నప్పుడు పడలేదా?

టీవీ యూనిట్టు మాట ఎత్తకండి. ఆ ధరకి ఇచ్చేది చాలావరకు పొట్టు చెక్క, అంటే రంపపు పొట్టు జిగురుతో నొక్కిన పలక. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు సింగ్ నగర్‌ని రోజుల తరబడి ముంచినప్పుడు మా పిన్ని వాళ్ళింట్లో ఇలాంటి యూనిట్టు ఉబ్బి ముద్దయిపోయింది. పక్కనే ఉన్న పాత టేకు బల్ల మాత్రం ఎండాక పాలిష్‌తో లేచి నిలబడింది. వరద రాకపోయినా, చెమ్మ గోడకి ఆనించి పెడితే చెదలకి విందే.

సోఫా అమ్మకండి. పాత సామాన్ల వాళ్ళు టేకుకి ఇచ్చే ధర వింటే కడుపు మండుతుంది. రెక్సిను తీయించి, ఫోము 40 డెన్సిటీది వేయించి, మందపాటి నూలు బట్ట కుట్టించండి. తక్కువ డెన్సిటీ ఫోము ఏడాదికే గుంట పడుతుంది. మన చెమటకి రెక్సిను ఎప్పుడూ ఒకే కథ. చెక్కకి ఎమిరీ పేపరు కొట్టించి స్పిరిట్‌లో కరిగించిన లక్క పాలిష్ చేయించాం, మెరుపు అద్దంలా వచ్చింది. కానీ టీపాయ్‌కి మాత్రం లక్క వద్దు. వేడి కాఫీ గ్లాసు పెడితే తెల్లటి వలయాలు పడతాయి. దానికి పీయూ (పాలియురేథేన్) పాలిష్ చెప్పండి.

కర్టెన్లకి మంగళగిరి వెళ్ళి నేతబట్ట మీటర్ల లెక్కన తెచ్చుకున్నాం. నిజాం అంచున్నది కర్టెనుకి ఎంత నిండుగా ఉంటుందో చెప్పలేను. దిండు గలీబులకి పెడన కలంకారీ. నైలాన్ నెట్టు కర్టెన్లు ఇంకా ఉంటే పనివాళ్ళకి ఇచ్చేయండి.

వెలుతురు మాత్రం నిర్లక్ష్యం చేయకండి. ఒక్క ట్యూబులైటు గోడ మీద పైనుంచి కొడితే ఎంత బాగుచేసిన గదైనా బస్టాండు వెయిటింగు రూములాగే ఉంటుంది. ట్యూబు ఉండనివ్వండి, పిల్లల చదువుకి, లెక్కలు చూసుకోవడానికి పనికొస్తుంది. దానికి తోడు 3000 కెల్విన్ అని రాసి ఉన్న పసుపు ఛాయ బల్బులు సోఫా పక్కన ఒకటి, షోకేసు గూటిలో ఒకటి పెట్టండి. 6500 అని ఉన్నది తెల్లగా కొట్టేస్తుంది. నల్లటి పాత స్విచ్చులున్న చెక్క బోర్డు మార్పించినా గది వయసు పదేళ్ళు తగ్గుతుంది. ఎలక్ట్రీషియన్ ఎలాగూ వస్తాడు కాబట్టి ఎర్తింగు ఉందో లేదో చూడమనండి. ఆ కాలపు ఇళ్ళలో అది చాలాచోట్ల పేరుకే ఉంటుంది.

అప్పటి రేట్లకి మాకు గచ్చు పోను, రంగూ గీకుడూ కూలీతో కలిపి 14 వేలు, సోఫా 10 వేలు, కరెంటు పని, బట్ట, చిల్లర ఖర్చులు ఇంకో 5 వేలు అయ్యాయి. ఇప్పుడు పెరిగి ఉంటాయి. మీకు టైటుగా అనిపిస్తే సోఫా పాలిష్ వాయిదా వేయండి, కుషన్లు చాలు.

పనుల వరస ముఖ్యం. గోడ చెక్కే కరెంటు పని, ప్లాస్టరింగు ముందు. తర్వాత గచ్చు గ్రైండింగు, ఎందుకంటే ఆ మిషను బురద గోడల మీద రెండడుగుల ఎత్తు దాకా చిమ్ముతుంది. ఆ తర్వాత రంగు. ఆఖరి పాలిష్ రంగు అయ్యాకే. సంక్రాంతికి ముందు నెలలో పెయింటర్లు దొరకరు, దొరికినా సగం పనిలో వదిలేసి ఇంకో ఇంటికి పోతారు. ఇప్పుడు కార్తీకంలో ఉన్నాం కాబట్టి ఈ వారమే మాట్లాడి అడ్వాన్సు ఇచ్చేయండి.

గచ్చు మేస్త్రితో మాట్లాడేటప్పుడు ఆ బురద ఎక్కడ పోస్తాడో కూడా అడగండి. అది సిమెంటు నీళ్ళు. మీ డ్రైనేజీ గొట్టంలోకి పోనిస్తే అడుగున పేరుకుని గట్టిపడి పూడిపోతుంది. బకెట్లకెత్తి బయట పోయాలని ముందే ఖాయం చేసుకోండి, దానికి విడిగా వందో రెండు వందలో అడిగినా ఇవ్వండి.