క్రిస్మస్ ఖర్చంతా ఒక్క జీతం మీద పడకుండా మేము చేసుకున్న ఏర్పాటు

మీది హైదరాబాదులో ఉద్యోగమని, ఇద్దరు పిల్లలతో ప్రతి క్రిస్మస్‌కు గుంటూరు వైపు సొంత ఊరికి వెళ్తారని, జనవరిలో పిల్లల ఫీజు కట్టడానికి ఏటా అప్పు చేయవలసి వస్తోందని రాశారు. ఈ డిసెంబరు మొదలైంది కాబట్టి చర్చికి ఇచ్చే పండుగ కానుకను, క్యారల్స్‌కు వచ్చేవారికి పెట్టే ఖర్చును తగ్గించుకోవాలా అని అడిగారు. మా సొంత ఊరు తెనాలి. ఇదే చిక్కులో మేమూ కొన్నేళ్ళు నలిగాము కాబట్టి మా ఇంటి లెక్కే మీ ముందు పెడతాను. కానుకను మాత్రం తగ్గించకండి. మీ డబ్బు పోతున్నది అక్కడ కాదు.

2018 డిసెంబరులో నేనూ నా భార్యా ప్రతి ఖర్చునూ ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టాము. బట్టలకూ కుట్టుకూలికీ 14,000, నలుగురికి రానుపోను బస్సు ఛార్జీలకు 6,800, పిండివంటలు, కేకు, పండుగనాటి భోజనాలకు 5,500, నక్షత్రానికీ దీపాలకూ 2,200, కానుకలకూ క్యారల్స్‌కూ కలిపి 3,500. మొత్తం 32,000 రూపాయలు. ఆ నెల నా చేతికి వచ్చిన జీతం 38,000. ఆ పేజీని నాలుగైదు సార్లు చూసుకున్నాక నాకు అర్థమైనది ఏమిటంటే, ఖర్చులో దాదాపు మూడింట రెండు వంతులు బట్టలదీ ప్రయాణానిదీ. ఆ రెండూ ఖరీదైనవి కావడానికి కారణం, వాటిని మేము అందరూ కొనే వారంలోనే కొనడం.

బట్టల సంగతి ముందు చెబుతాను. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి బట్టల దుకాణాలవారు డిస్కౌంట్లు పెడతారు, టైలర్లకూ పని తక్కువగా ఉంటుంది. మనకు పండుగ డిసెంబరులో కాబట్టి ఆషాఢం మన కళ్ళకు ఆనదు, అంతే. 2019 నుంచి పెద్దవాళ్ళ బట్టలు, మా అమ్మకు చీర, నా చొక్కా గుడ్డ ఆ నెలలోనే తీసుకుని, అప్పుడే కుట్టించి బీరువాలో పెడుతున్నాము. డిసెంబరు రెండో వారంలో మా టైలరు అర్జంటు పేరుతో అడిగే అదనపు కూలి ఆ విధంగా తప్పింది. పిల్లలకు మాత్రం అలా కొనకూడదు. ఒక ఏడాది మా అబ్బాయికి జూలైలో కొన్న ప్యాంటు క్రిస్మస్ నాటికి చీలమండ పైకి వెళ్ళిపోయింది. వాళ్ళకు దీపావళి రద్దీ తగ్గాక, నవంబరులో కొంటున్నాము.

క్రిస్మస్‌కు ఒక జత, డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు మరొక జత అనే అలవాటును పిల్లల వరకు ఉంచి, పెద్దవాళ్ళం మానుకున్నాము. మొదటి ఏడాది అమ్మ నొచ్చుకుంది. సంఘంలో ఎవరైనా ఏమైనా అనుకుంటారేమోనన్నది ఆమె బాధ. క్రిస్మస్ నాటి చీరనే ఇస్త్రీ చేసి కట్టుకుని వెళ్ళింది, ఎవరూ అడగలేదు, మరుసటి ఏడాది తనే రెండో చీర వద్దంది.

రైలు రిజర్వేషను 2024 నవంబరు నుంచి ప్రయాణానికి 60 రోజుల ముందు మాత్రమే తెరుచుకుంటున్నది. అంటే డిసెంబరు 23 టికెట్టు అక్టోబరు 24 ఉదయం 8 గంటలకు, జనవరి 2 తిరుగు టికెట్టు నవంబరు 3న దొరుకుతాయి. ఈ రెండు తేదీలనూ కొత్త క్యాలెండరు రాగానే ఎర్ర సిరాతో చుట్టి పెట్టుకుంటాము. స్లీపరులో మా నలుగురి ఖర్చు ఆనాటి ప్రైవేటు బస్సుల ఖర్చులో మూడో వంతుకు మించడం లేదు.

పిండివంటలు, కేకు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అరిసెలూ జంతికలూ అమ్మా, పిన్నీ, పక్కింటి అక్కా కలిసి ఒకే పొయ్యి మీద వండుకుంటే నూనె కలిసివస్తుంది, మూడిళ్ళకూ సరిపోతుంది.

నక్షత్రం గురించి మాత్రం చెప్పాలి, ఎందుకంటే పిల్లలకు అదే పండుగ. కొన్న నక్షత్రం ఏటా రెండో వారానికే మంచుకు తడిసి చిరిగేది. ఇప్పుడు నేనూ మా అబ్బాయీ డాబా మీద కూర్చుని వెదురు బద్దలను రెండు అయిదు మూలల చట్రాలుగా కట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి, నడుమ చిన్న పుల్లలతో ఎత్తు ఇచ్చి, రంగు కాగితాన్ని మైదా జిగురుతో అంటిస్తాము. జిగురు పలచగా ఉంటే కాగితం ముడతలు పడుతుంది, అందుకని వాడు గరిట తిప్పుతూ అది చిక్కబడేదాకా ఓపికగా నిలబడతాడు. చట్రం విప్పకుండా అటక మీద పెడితే మరుసటి ఏడాదికి కాగితం ఖర్చు ఒక్కటే ఉంటుంది.

ఇంకొక హెచ్చరిక. ఒక ఏడాది మా వీధిలో నడిచిన పండుగ చీటీలో నెలకు 1,000 చొప్పున పది నెలలు కట్టాము. సరుకులూ వెండి గ్లాసూ ఇస్తామన్నారు. నవంబరులో ఆ ఇంటికి తాళం వేసి ఉంది. మా చేతిలో ఒక రసీదు కూడా లేదు. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరు కాని చీటీలో, నడిపేవారు ఎంత తెలిసినవారైనా, పైసా పెట్టకండి. ఆ తరువాత మేము బ్యాంకులో పన్నెండు నెలల రికరింగ్ డిపాజిట్టు తెరిచి నెలకు 1,500 కడుతున్నాము. అసలు 18,000 మీద వడ్డీ కొన్ని వందలే అయినా, ఆ డబ్బు డిసెంబరులో జీతంతో పాటు చేతికి వస్తుంది. ఆషాఢపు కొనుగోళ్ళూ టికెట్లూ ఆయా నెలల జీతాల్లోనే సర్దుకుంటాయి కాబట్టి, పండుగ నెలలో ఈ మొత్తం సరిపోతోంది.

ఈ ఏడాదికి మీకు రైలు టికెట్లు దొరకకపోవచ్చు. వీలైతే 24న పగటిపూట ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో బయలుదేరండి. రాత్రి ప్రైవేటు బస్సు కంటే చాలా తక్కువలో అవుతుంది. పిల్లలకు తప్ప రెండో జత కొనకండి. కానుకనూ, క్యారల్స్ వారి కవరునూ, జనవరి ఫీజునూ ఈ జీతం రాగానే విడిగా తీసి పెట్టి, మిగిలినదానితోనే తక్కినవి చూసుకోండి. రాత్రి ఒంటిగంటకు చలిలో పాడుకుంటూ మన గుమ్మానికి వచ్చే పిల్లలకు వేడి టీ, నాలుగు జంతికలు పెట్టడానికి అయ్యే ఖర్చు ఏ ఇంటినీ అప్పులోకి దింపదు. డిపాజిట్టు ఖాతాను మాత్రం ఈ వారంలోనే తెరవండి. ఇప్పుడు తెరిస్తేనే వచ్చే డిసెంబరు మొదటి వారానికి గడువు తీరుతుంది.