‘యో గుస్తో’ అంటున్నారు, ఎలా మాన్పించాలి?

ప్రశ్న: పర్లాకిమిడిలో 6, 7 తరగతుల పిల్లలకు స్పానిష్ మొదలుపెట్టాను. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు. ‘నాకు మామిడిపండు నచ్చుతుంది’ చెప్పమంటే ‘యో గుస్తో మాంగో’ అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: ఆ తప్పు ఇంగ్లీషు దారిన వస్తోందండీ. ‘ఐ లైక్’లో కర్త మనిషి. స్పానిష్‌లో కర్త మామిడిపండే, అచ్చం మన ‘నాకు నచ్చుతుంది’లో లాగా. ఒడియా ‘మోతే భొలొ లాగే’ పోకడా అదే. పిల్లలకు ఇంట్లోనే ఉన్న ఈ సంపదను వాడుకోండి. బోర్డు మీద రెండే వరుసలు రాయండి:

నాకు నచ్చుతుంది – మే గుస్తా
నాకు నచ్చుతాయి – మే గుస్తాన్

తర్వాత పది నిమిషాలు బొమ్మలతో చెప్పించండి. ఒక పండు చూపితే ‘మే గుస్తా ఎల్ మాంగో’, మూడు చూపితే ‘మే గుస్తాన్ లోస్ మాంగోస్’. ‘ఎల్’, ‘లోస్’ (ఇంగ్లీషు ‘ది’ లాంటివి) మన భాషలో లేనివి కాబట్టి ముందు జారిపోయేవి అవే, ప్రతిసారీ పట్టుకోండి. ‘తే’ (నీకు) మర్నాడు చాలు. ‘లే’ మాత్రం వారం ఆగి చెప్పండి: అతనికి, ఆమెకు, గౌరవంగా ‘మీకు’ అన్నా అదొక్కటే, అందుకే తికమకపడతారు.

ఉచ్చారణలో ‘గుస్టా’ అననివ్వకండి. ఇంగ్లీషు అక్షరం చూసి ‘ట’ అంటారు. పలకాల్సింది మన ‘త’.