ఎక్స్‌మెన్ తొలి కథ: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం 1990ల నాటి అమెరికన్ యానిమేషన్ సీరియల్ 'ఎక్స్‌మెన్' గురించే వచ్చాయి. అదీ దాని మొదటి కథ, రెండు భాగాల 'నైట్ ఆఫ్ ద సెంటినల్స్' గురించి. నాకు చాలా ఇష్టమైన కథ కాబట్టి ఈ పేజీ అంతా దానికే ఇస్తున్నాను. చూడనివారి కోసం రెండు మాటలు. పుట్టుకతో వింత శక్తులున్నవాళ్ళను మ్యూటెంట్లు అంటారు. జనానికి వాళ్ళంటే భయం. వాళ్ళను పట్టుకుపోవడానికి తయారైన భారీ రోబోలు సెంటినల్స్. ప్రొఫెసర్ జేవియర్ చేరదీసిన మ్యూటెంట్ల జట్టే ఎక్స్‌మెన్.

ప్రశ్న: మా బాబుకి పదకొండేళ్ళు. రెండో ఎపిసోడ్‌లో ఎక్స్‌మెన్ జట్టులోని మార్ఫ్ చనిపోయాక ఆ పూట అన్నం ముట్టలేదు. పిల్లల కార్టూన్‌లో, అదీ మొదట్లోనే, చంపేయడమేమిటండీ? ఇక చూడనివ్వొచ్చా? (గృహిణి, ఏలూరు)

చూడనివ్వండమ్మా. కాకపోతే మీరూ పక్కన కూర్చోండి.

మీ బాబు బాధపడ్డాడంటే కథ అతనికి సరిగ్గానే చేరింది. అప్పట్లో అమెరికాలో శనివారం పొద్దున వచ్చే కార్టూన్లలో ఎంత పెద్ద గొడవ జరిగినా ఎపిసోడ్ అయ్యేసరికి అందరూ క్షేమంగా ఇల్లు చేరేవారు. ఈ సీరియల్ రాసినవాళ్ళు ఆ ధీమా పోవాలనుకున్నారు. ఈ పోరాటంలో నిజంగానే ప్రాణాలు పోతాయని మొదటి కథలోనే తెలియాలని మార్ఫ్‌ను ఎంచుకున్నారు. ఆ పాత్ర మూలం పాత కామిక్స్‌లో ఛేంజ్‌లింగ్. అతను 1968లోనే చనిపోయాడు. ఆ పేరు అప్పటికి పోటీ సంస్థ డీసీ కామిక్స్ వాళ్ళు వాడుకుంటుండడంతో ఇక్కడ మార్ఫ్ అయ్యాడు.

చావు కంటే నన్ను ఎక్కువ కదిలించేది ఆ తర్వాత జరిగేది. మ్యూటెంట్ల పేర్లు నమోదు చేసుకున్న ఆఫీసులోకి ఫైళ్ళు నాశనం చేద్దామని జట్టు చొరబడుతుంది. బయటపడేటప్పుడు సెంటినల్స్ మీద పడతాయి. జట్టులోని వుల్వరిన్‌ను పక్కకు తోసి ఆ దెబ్బ తాను తీసుకుంటాడు మార్ఫ్. మరో సభ్యుడు బీస్ట్ పట్టుబడతాడు. నాయకుడు సైక్లాప్స్ వెనక్కి వెళ్దామంటాడు. వుల్వరిన్ ససేమిరా అంటాడు, వాళ్ళను వదిలి ఎలా వస్తామంటాడు. చివరికి రోగ్ తన స్పర్శతో అతని శక్తి లాగేసి కదలకుండా చేయాల్సి వస్తుంది. ఇంటికి చేరాక కోపం పట్టలేక సైక్లాప్స్ కారు పైకప్పు గోళ్ళతో చీల్చేసి వెళ్ళిపోతాడు వుల్వరిన్. ఇద్దరిలో తప్పెవరిది? సైక్లాప్స్ ఆగి ఉంటే మిగతావాళ్ళూ పోయేవారు. అలాగని వుల్వరిన్ బాధను కాదనగలమా? ఈ ప్రశ్న మీ బాబుని అడిగి చూడండి. పదకొండేళ్ళవాడికి దీని మీద గట్టి అభిప్రాయమే ఉంటుంది.

బీస్ట్ సంగతి కూడా గమనించండి. తర్వాతి ఎపిసోడ్‌లో ఎక్స్‌మెన్‌కు ప్రత్యర్థి అయిన మ్యూటెంట్ మాగ్నెటో జైలు గోడ బద్దలుకొట్టి రమ్మంటే, రానంటాడు. కోర్టులోనే తన మాట వినిపిస్తానంటాడు. బెయిల్ రాదు. ఆ సీజన్ చివర్లో గానీ విడుదల కాడు. మొదటి కథలో పడిన దెబ్బ అన్ని వారాలు మానకుండా ఉండటం ఆ రోజుల్లో పిల్లల కార్టూన్‌కు చాలా కొత్త.

మీ చెవిలో ఒక మాట. రెండో సీజన్‌లో మార్ఫ్ తిరిగొస్తాడు. ప్రేక్షకులు అతన్ని అంతగా ప్రేమించారు. మీ బాబుకి మాత్రం ఇప్పుడే చెప్పకండి.

ప్రశ్న: జట్టులో అందరికన్నా వుల్వరిన్‌కే క్రేజ్ కదా! మరి కథ జూబిలీతో ఎందుకు మొదలైంది? (ఇంటర్ విద్యార్థి, నిజామాబాద్)

ఎందుకంటే ఆమెకీ నీలాగే ఇంకా ఏమీ తెలియదు నాయనా. వేళ్ళ నుంచి నిప్పురవ్వలు ఎందుకొస్తున్నాయో, వాటిని ఎలా ఆపాలో తెలియని అమ్మాయి జూబిలీ. ఆమెను పెంచుతున్న దంపతులు చెడ్డవాళ్ళు కాదు. భయపడి, ప్రభుత్వం సాయం చేస్తుందని నమ్మి, పేరు నమోదు చేయించారు. ఆ పేరు పట్టుకునే సెంటినల్ ఇంటి మీదికి వచ్చింది. ప్రేమించేవాళ్ళే మంచి చేస్తున్నామనుకుని ఆపద తెచ్చిపెట్టడం! కథలో నాకు అన్నిటికన్నా భయం వేసేది అక్కడే. వుల్వరిన్‌తో మొదలుపెడితే ఈ భయం రాదు. అతన్ని చూస్తే ధైర్యం వస్తుంది.

ప్రశ్న: సీరియల్ మొదలైంది 1992లోనా, 1993లోనా? రెండూ చదివాను. (పాఠకుడు, వరంగల్)

రెండూ నిజమే. అమెరికాలో ఫాక్స్ టీవీ వారి పిల్లల విభాగం ఫాక్స్ కిడ్స్‌లో మొదటి భాగం 1992 అక్టోబరు 31న, రెండోది నవంబరు 7న ముందస్తుగా చూపించారు. కొరియా స్టూడియో నుంచి వచ్చిన బొమ్మల్లో తప్పులు చాలా ఉన్నా, దిద్దే వ్యవధి లేక అలాగే వేశారు. సరిచేసుకుని 1993 జనవరి నుంచి వరుసగా ప్రసారం చేశారు. 1997లో ముగిసేసరికి మొత్తం 76 ఎపిసోడ్లు.

ప్రశ్న: యానిమేషన్ కోర్సు చేస్తున్నాను. అయిదుగురు హీరోల జట్టుకు మొదటి ఎపిసోడ్ రాస్తున్నా. ఎవరి శక్తి ఏమిటో ముందే చెప్పేయాలా? (విద్యార్థిని, హైదరాబాద్)

వద్దమ్మా. ఎక్స్‌మెన్‌తోనే అంతకుముందు 1989లో 'ప్రైడ్ ఆఫ్ ద ఎక్స్‌మెన్' అని ఒక ఎపిసోడ్ తీశారు. దాంట్లోనూ కొత్తగా వచ్చిన అమ్మాయే ఉంది, కిటీ ప్రైడ్. ప్రొఫెసర్ ఆమెకు ఒక్కొక్కరినీ చూపించి పేరూ శక్తీ చెబుతాడు. బొమ్మలు బాగుంటాయి, కానీ అందరూ పరిచయమయ్యేసరికి ఎవరి మీదా మనసు నిలవదు. అది ఆ ఒక్క ఎపిసోడ్‌తోనే ఆగిపోయింది.

ఇప్పుడు 1992 నాటి షాపింగ్ మాల్ సీను పెట్టుకుని చూడు. జట్టులోని స్టార్మ్, రోగ్ షాపింగ్‌కు వచ్చారు. అదే జట్టులోని గాంబిట్ పేక ముక్కలు కొనుక్కుంటూ కౌంటర్ దగ్గర అమ్మాయితో కబుర్లాడుతున్నాడు. ఇంతలో జూబిలీ కోసం సెంటినల్ వచ్చిపడింది. ముగ్గురూ చేతిలో పని వదిలి పరిగెత్తారు. పేక ముక్క బాంబులా పేలినప్పుడు గాంబిట్ శక్తి ఏమిటో మనకే తెలుస్తుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. అతను సరదా మనిషని అంతకు ముందే తెలిసిపోయింది. నీ అయిదుగురూ ప్రమాదం రాకముందు ఏం చేస్తుంటారో రాసుకో. శక్తులు ఆ తర్వాత చూసుకోవచ్చు. అయిదుగురికీ సమాన సమయం ఇవ్వాలనే టెన్షన్ అసలే పెట్టుకోకు.

ప్రశ్న: 2024లో వచ్చిన 'ఎక్స్‌మెన్ 97' మా పిల్లలతో కలిసి చూద్దామనుకుంటున్నాం. పాత 76 ఎపిసోడ్లూ చూడాలా? (పాఠకురాలు, డాలస్)

అన్నీ అక్కర్లేదు. కానీ 'నైట్ ఆఫ్ ద సెంటినల్స్' రెండు భాగాలూ, ఆ వెంటనే వచ్చే 'ఎంటర్ మాగ్నెటో' తప్పకుండా చూపించండి. కొత్త సీరియల్ మొదటి ఎపిసోడ్‌లో రాబర్టో అనే కుర్రాడిని జట్టు కాపాడుతుంది. తన శక్తి బయటపడుతుందేమోనని భయంభయంగా ఉంటాడు. అతని పక్కన నిలబడేది జూబిలీ. ఒకప్పుడు మాల్‌లో సెంటినల్‌ను చూసి పరుగుతీసిన పిల్ల ఆమేనని తెలిసి చూస్తేనే ఆ స్నేహం విలువ పిల్లలకు అందుతుంది. రెండో ఎపిసోడ్‌లో మాగ్నెటో విచారణకు నిలబడతాడు. పాతదాంట్లో బీస్ట్‌ను జైలు నుంచి తప్పించబోయింది అతనే కాబట్టి, ఆ ఎపిసోడ్ చూపించాకే ఇది పెట్టండి.